మగ్గం నడవని రోజు

నూలు పున్నం. ఆ రెండు మాటలు రాజేశ్వర్ రావు సార్ ఫోన్ నుంచి నా ఫోన్‌లోకి వచ్చి పడతాయని కలలో కూడా అనుకోలేదు. "రివ్యూలు వచ్చినయ్. పరకాల నుంచి డైరెక్ట్ నా రూంకి రా. నూలు పున్నం సంగతి మాట్లాడాలె." అంతే, ఇంకేం లేదు. ఆయన ఏ మెసేజి పెట్టినా చివర ఒక గులాబీ పువ్వు పెడతారు, మార్కుల లిస్టు అడిగినా పువ్వే, సెలవు ఇవ్వనని చెప్పినా పువ్వే, ఈ మెసేజికి మాత్రం పువ్వు లేదు. బస్సు పరకాల స్టాండు దాటకముందే నాలుగుసార్లు చదివాను, చదివిన ప్రతిసారీ కింద పువ్వు మొలిచి ఉంటుందేమోనని చూశాను, నా పిచ్చి కాకపోతే. ఆయన మా డిపార్ట్‌మెంటు హెడ్, నా పీహెచ్‌డీకి గైడు. నా థీసిస్ ఆయన టేబుల్ మీద సంతకం కోసం పడుకొని ఉంది. నేను పరకాలకు ల్యాబ్ పరీక్షలు చేయించడానికి వచ్చాను, పొద్దున పిల్లలు నన్ను చూసి భయపడుతుంటే నవ్వొచ్చింది, ఇంత చిన్న వైవాకు ఇంత భయమా అని వాళ్లకు చెప్పాను కూడా. ఇప్పుడు నా చేతులు చూసుకుంటే తడిగా ఉన్నాయి, కండక్టరు ఆధార్ కార్డు చూపించమంటే బ్యాగులో వెతుక్కోవడం కూడా చేతకాక పక్కనున్న పెద్దమ్మ నా బ్యాగు పట్టుకుంది. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టి అతను ముందుకు పోయాడు. డబ్బు తీసుకోకుండా ఎక్కడికైనా తీసుకుపోయే ఈ బస్సు ఇవ్వాళ నన్ను ఎక్కడికి తీసుకుపోతుందో నాకు తెలుసు.

తెలిసిపోయింది. ఆయన పేపరుకు ఆ రివ్యూ రాసింది నేనని తెలియకపోతే నూలు పున్నం అన్న మాట ఎందుకు రాస్తారు? డిసెంబరులో హైదరాబాదులో ఒక కాన్ఫరెన్సు, దానికి వచ్చిన పేపర్లు చదివి తీర్పు చెప్పడానికి మనుషులు కావాలంటే సారే మా డిపార్ట్‌మెంటు నుంచి నలుగురి పేర్లు ఇచ్చారు. కాలేజీ మెయిలు ఎప్పుడు పనిచేస్తుందో దేవుడికే ఎరుక, సొంత మెయిలుతోనే చేరండని ఆయనే చెప్పారు. కాలేజీ మెయిలుతో చేరి ఉంటే మా కాలేజీ పేపరు మాకు రాకుండా ఆ సిస్టమే ఆపేది, ఇప్పుడు దానికేం తెలుసు, దానికి నేనొక మహితను, ఊరు లేదు కాలేజీ లేదు. రాసినవాళ్లెవరో మాకు తెలియదు, చదివినవాళ్లెవరో వాళ్లకు తెలియదు, అదే పద్ధతి. ఆ పద్ధతి మీద నాకు గుడ్డి నమ్మకం. రివ్యూ చేసేవాళ్ల బాధ్యతలని వాళ్లు పంపిన కాగితాన్ని మా నలుగురిలో ఒకడైన సుదర్శన్ సార్ తెరవనే లేదు, పేపరంతా తీసుకుపోయి చాట్‌బాట్‌లో పడేసి, ఛాయ్ చల్లారేలోపు మూడు రివ్యూలు పంపి చేతులు దులుపుకున్నాడు. నేను మాత్రం పరీక్షకు చదివినట్టు చదివాను. పేపరు ఎవరికీ చూపించకు, అందులోని ఆలోచన వాడుకోకు, రాసినవాళ్లను కించపరచకు, ఎవరిదో గుర్తుపడితే చెప్పి తప్పుకో, తప్పు కనిపిస్తే కారణంతో సహా చెప్పు. కారణంతో సహా. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

ఏం రాశానో అక్షరం అక్షరం గుర్తుంది. మగ్గం పైన కెమెరా పెట్టి, నేస్తుండగానే తెగిన పోగును పట్టుకునే ప్రోగ్రాం మీద పేపరు అది. వరంగల్‌లోని ఒక నేతవాడలో శ్రావణమాసమంతా రోజూ ఫొటోలు తీశామని రాసి, ఏ రోజు ఎంత బట్ట నేశారో, ఎన్ని పోగులు తెగాయో పట్టిక వేశారు. పౌర్ణమి వరుస దగ్గర నా వేలు ఆగిపోయింది. మిగతా రోజుల్లాగే ఆ రోజూ బట్ట నేశారట, పోగులు తెగాయట, కెమెరా పట్టుకుందట. నేను రాశాను: ఆ రోజు పద్మశాలీలకు నూలు పున్నం, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి మొక్కే రోజు, ఆ వాడలో ఆ రోజు ఏ మగ్గమూ నడవదు, కాబట్టి ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో రచయితలు చెప్పాలి. పంపేటప్పుడు గర్వపడ్డాను కూడా. అంకెలు అనుమానంగా ఉన్నాయని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది, ఢిల్లీలో కూర్చున్నవాడు కూడా ఆ ముక్క రాయగలడు. నేను రాసింది మాత్రం నేత ఇంట్లో పుట్టినవాళ్లు తప్ప ఎవరూ రాయలేరు. పేరు దాచుకొమ్మని వాళ్లు ముసుగు ఇస్తే, ఆ ముసుగు మీద మా వాడ పేరు, కొత్తవాడ అని, ఇంటి నంబరుతో సహా రాసుకున్నాను. ఇంత చదువు చదివి ఈ మాత్రం బుద్ధి లేకపోయింది నాకు.

కిటికీ బయట పత్తి చేన్లు తెల్లగా విచ్చుకున్నాయి, తెల్లారినప్పటి నుంచి ఏరుతున్నారేమో ఆడవాళ్ల నడుములకు కట్టుకున్న సంచులు ఉబ్బి ఉన్నాయి. పత్తి లారీ ఒకటి మా బస్సును దాటిపోతూ దూది పింజలు వదిలితే ఒకటి నా ఒళ్లో వాలింది. తీసి పడేయబోయి పిడికిట్లో పట్టుకున్నాను. పక్కనున్న పెద్దమ్మ నన్నే చూస్తోంది. లక్ష్మీనర్సమ్మట ఆమె పేరు, కోడలు కాన్పుకుందని హన్మకొండ దవాఖానకు పోతోందట, అడగకుండానే అన్నీ చెప్పింది. "ఏమైంది బిడ్డా, గట్ల చెమటలు పడ్తానయ్? జర నీళ్లు తాగు," అని సీసా ఇచ్చింది. తాగాను. ఏం కాలేదు పెద్దమ్మా, ఎండ, అన్నాను. ఎండెక్కడుంది, మబ్బు పట్టి ఉంది. ఆమె సీసా నా దగ్గరే ఉంచింది.

నూలు పున్నం నాడు మా వాడ ఎట్లా ఉంటుందో ఈ పెద్దమ్మకు చెబితే అర్థమవుతుందా? ఏడాది పొడుగునా ప్రతి గోడ వెనుకా టక్ టక్ మని మగ్గం మాట్లాడే వాడ అది, ఆ చప్పుడులోనే పుట్టాను, ఆ చప్పుడులోనే ఎక్కాలు నేర్చుకున్నాను, చప్పుడు ఉన్నంతసేపూ అది ఉన్నట్టే తెలియదు. ఆ ఒక్కనాడు ఆగిపోతే చెవులు నొప్పి పుట్టేవి. నాకు ఆరో ఏడో ఏళ్లు, ఇంట్లో మగవాళ్లు కొత్త జంధ్యాలు వేసుకొని, అంతా పాయసం తిని నడుం వాల్చారు, నాకు నిద్ర రాలేదు, ఆ నిశ్శబ్దానికి భయమేసింది. ఒక్కసారి ఆ చప్పుడు వింటే చాలనిపించింది. బొట్లు పెట్టిన మగ్గం దగ్గరికి పోయి, నూలు కండె మోసే నాడెను విసిరే తాడు పట్టుకొని ఒక్కసారి లాగాను. టక్. ఒకే ఒక్కసారి. వాడంతా విన్నది. తలుపులు తెరుచుకున్నాయి, ఎవలింట్ల, ఎవలింట్ల అని ఒక్కొక్కరే బయటికి వచ్చారు, నేను మగ్గం గుంటలోకి దిగి, నాయిన కాళ్లు ఆడించే చోట ముడుచుకొని కూర్చున్నాను, పైన పడుగు పోగుల సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా పడుతోంది. గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్లు, మాది కాదంటే ఎవరూ రుజువు చేయలేరు. మా నాయినమ్మ మల్లవ్వ బయటికి పోయింది. "మా ఇంట్లనే," అన్నది. ఇంకేమన్నదో వినబడలేదు, నా పళ్లు కొట్టుకుంటున్నాయి. తర్వాత ఆమె నన్ను గుంటలోంచి బయటికి తీసింది, తిట్టలేదు, మగ్గానికి ఇంకో కొబ్బరికాయ కొట్టించింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎవరు గట్టిగా పిలిచినా నాకు ముందు ఆ గుంటే గుర్తుకొస్తుంది.

ఫోను మోగుతోంది. హరికృష్ణ. మా డిపార్ట్‌మెంటులో నేత ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మేమిద్దరమే, వాళ్లది హసన్‌పర్తిలో మరమగ్గాల ఇల్లు, నాకంటే చిన్నవాడు, అక్కా అంటాడు, సార్ దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్నాడు, రివ్యూలకు ఇచ్చిన నలుగురిలో అతని పేరూ ఉంది. నేను ఎత్తలేదు. ఏం మాట్లాడాలి? సార్ కోపంగా ఉన్నారా అని అడగాలా, అడిగితే నీకెందుకు అనుమానమొచ్చిందని అడుగుతాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఫోనును బ్యాగు అడుగున, చున్నీ కింద పెట్టాను, చిన్నపిల్లలా. గూడెప్పాడు దగ్గర బస్సు ఆగితే దిగిపోదామా అనిపించింది, దిగి ములుగు వైపు పోయే ఏ బస్సో ఎక్కి, ఫోను పోయిందని రేపు చెప్పొచ్చు. రేపు కూడా ఆయన ఆ గదిలోనే ఉంటారు కదా, నా థీసిస్ ఆ టేబుల్ మీదే ఉంటుంది కదా. ఆయన కోప్పడరు, అదే నా భయం. కేకలు వేసే మనిషైతే తల వంచుకొని పడేదాన్ని. నాకు ముందు ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తూ ఒకసారి ఆయన మాట కాదన్న నిర్మల మేడం విషయంలో ఏం చేశారు? ఒక్క మాట అనలేదు, నవ్వుతూనే ఛాయ్ పోయించారు, మూడో అధ్యాయం మళ్లీ రాయమన్నారు, రాశాక మళ్లీ రాయమన్నారు, ఆమె గడువు దాటిపోయేదాకా రాయిస్తూనే ఉన్నారు. ఆమె ఇప్పుడు నర్సంపేట రోడ్డులో బట్టల దుకాణం నడుపుతోంది, కలిసినప్పుడు పీహెచ్‌డీ ఊసే ఎత్తదు. మా నాయిన పండరికి ఈ సంగతులేవీ తెలియవు. జంపఖానాలు కొనడానికి షావుకారు వస్తే చాలు, మా బిడ్డ డాక్టరయితాంది, సూదులేసే డాక్టరు కాదు, పెద్ద డాక్టరు అని చెబుతాడు. పీహెచ్‌డీ లేకపోతే కాలేజీ ఉంచుకోదు, ఉంచుకోలేదని ఆయనకు చెప్పే మాట నా నోట్లో ఎట్లా పుడుతుంది?

నాకు తెలియదు కదా అది సార్ పేపరని. తెలియకుండా రాసిందానికి తప్పేముంది, ఎవరైనా అదే రాస్తారు. తెలియదా? బస్సు ఊగుతోంది, తల కిటికీ ఊచకు కొట్టుకుంటోంది, తెలియదా మహితా? రెండో పేజీలో "ఇక్కడ ప్రస్తావించడం సముచితం" అనే అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యం కనిపించినప్పుడు ఛాతీలో కలుక్కుమనలేదా? ఆ మాట లేకుండా సార్ ఒక్క పేరా రాయలేరు, సెలవు చీటీ కోసం కూడా సముచితమే, మేము ల్యాబులో ఆయనకు సముచితం సార్ అని పేరు పెట్టుకున్నాం. మూడు పేజీల్లో మూడుసార్లు ఉంది. దేశంలో వెయ్యిమంది అట్లా రాస్తారని నాకు నేనే చెప్పుకొని ముందుకు చదివాను. గుర్తుపడితే తప్పుకో అని వాళ్లు స్పష్టంగా రాశారు. తప్పుకుంటే ఆ పేపరు ఎవరికి పోతుంది, ఏ సుదర్శన్‌కో పోతుంది, ఛాయ్ చల్లారేలోపు పాసవుతుంది, నడవని మగ్గాలు నడిచినట్టు అచ్చవుతుంది. అందుకే తప్పుకోలేదు. అబద్ధం, అందుకు ఒక్కటే కాదు. పౌర్ణమి వరుస చూసినప్పుడు నాకు కోపం వచ్చింది, మా ఇళ్ల పండుగ కూడా తెలియకుండా మా నేతవాడల పేరు వాడుకున్నారని ఒళ్లు మండింది, ముసుగు చాటు నుంచి ఒక్కసారి ఆ మనిషిని నిలదీయాలనిపించింది. న్యాయం కోసమే చేశానని చెప్పుకుందామంటే మనసు ఒప్పుకోవడం లేదు, పూర్తిగా కక్షతో చేశానన్నా ఒప్పుకోవడం లేదు. అంకెలు మాత్రం దొంగవి. ఆ ఒక్కటీ నా భయంతో సంబంధం లేకుండా నిజం.

హన్మకొండలో లక్ష్మీనర్సమ్మ దిగుతూ నా తల మీద చెయ్యి పెట్టి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, ఏదైతే గదైతది," అంది. కోడలి కోసం తానే దడదడలాడుతోంది, నాకు ధైర్యం చెప్పింది. సీసా తిరిగి ఇవ్వడం మర్చిపోయాను. ఆటోలో నయీంనగర్, భీమారం దాటుతున్నంతసేపూ ఏం చెప్పాలో వరుస పెట్టుకున్నాను. నాది కాదు సార్. నాకు ఆ పేపరు రానేలేదు సార్. అసలు రివ్యూ చేసింది ఎవరో చెప్పకూడదు కదా సార్, అది రూలు కదా సార్. చివరిది బాగుంది, నిజం కూడా, చదివినవాళ్లు బయటపడకూడదనేది పద్ధతే, నా పిరికితనానికి రూలు పుస్తకం తోడు దొరికింది. భీమారం దగ్గర ఎవరిదో పెళ్లి బ్యాండు రోడ్డు దాటుతుంటే ఆటో ఆగింది, ఇంకాసేపు ఆగితే బాగుండునని మొక్కుకున్నాను. అంతలోనే దారి ఇచ్చారు.

హెడ్ గది బయట బల్ల మీద హరికృష్ణ కూర్చొని ఉన్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది, ఐడీ కార్డు తాడును వేలికి చుట్టి విప్పి చుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. "ఫోనెందుకు ఎత్తలేదక్కా? ఆ రివ్యూ నేనే రాసిన్నని సార్ అంటాండు. నాకసలు ఆ పేపరే రాలే." లోపలి నుంచి సార్ గొంతు, రా మహితా, రా అని వినిపించింది. తలుపు తోశాను.

నవ్వుతున్నారు. టేబుల్ మీద రెండు ఛాయ్ కప్పులు, నా థీసిస్, దాని మీద మూత తీసిన పెన్ను, పక్కన కంప్యూటరు తెర మీద నా వాక్యాలు. కూర్చోమన్నారు. రెండు రివ్యూలు బ్రహ్మాండంగా ఉన్నాయని, మూడోది మాత్రం కడుపుమంటతో రాశారని, అది హరికృష్ణ పనేనని, ల్యాబులో ఫొటోల తేదీల గురించి వాడు మొన్న కూడా అడిగాడని చెప్పారు. నేత ఇళ్లవాళ్లకు తప్ప ఈ సంగతి తెలియదట. ఆయన అట్లా అంటుంటే నా పేరు ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకున్నాను. "నువ్వైతే కాదు. నీ సంగతి నాకెరుక లేదా అమ్మా, నీకంత ధైర్యమెక్కడిది," అన్నారు, ఎంతో ప్రేమగా. తర్వాత అసలు సంగతి. పేపరు రాసినవాళ్లు జవాబు ఇచ్చుకోవచ్చట, అందుకు నేను ఒక ముక్క రాసివ్వాలట, మాది నేత కుటుంబమే, మా వాడలో ఆ రోజు కూడా మగ్గాలు నడుస్తాయి అని. హరికృష్ణ సంగతి తాను చూసుకుంటారట. "నీ థీసిస్ మీద ఇప్పుడే సంతకం పెడ్త," అని పెన్ను చేతిలోకి తీసుకున్నారు.

నాది కాదన్నారు. ఒళ్లంతా తేలికైంది, సిగ్గు లేకుండా తేలికైంది, పొద్దుటి నుంచి బిగదీసుకున్న భుజాలు దిగాయి, ఛాయ్ వాసన కూడా అప్పుడే తెలిసింది. నా భయమే నన్ను కాపాడింది, ఇన్నేళ్లు ఆయన ముందు వణికిన వణుకే నాకు సాక్ష్యం చెప్పింది. ఒక్క ముక్క రాసిస్తే చాలు, నాయిన షావుకారుకు చెప్పుకున్నది నిజమవుతుంది. నేను రివ్యూ చేశానని చెప్పకపోవడం రూలే కదా, రూలు ప్రకారమే నోరు మూసుకోవచ్చు. కానీ ఆయన అడుగుతున్నది అది కాదు. మగ్గం నడుస్తుందా అని అడుగుతున్నారు. తలుపు అద్దంలోంచి హరికృష్ణ భుజం కనిపిస్తోంది, ఆ తాడు ఇంకా చుడుతూనే ఉన్నాడు. రేపటి నుంచి అతనికి నవ్వుతూ ఛాయ్ పోయిస్తారు, మూడో అధ్యాయం మళ్లీ రాయమంటారు. గుంటలో ముడుచుకొని కూర్చున్నాను, బయట తలుపులు తెరుచుకుంటున్నాయి, ఎవలింట్ల, ఎవలింట్ల. నాయినమ్మ లేదు ఇప్పుడు, బయటికి పోయి చెప్పడానికి. ఒళ్లో లక్ష్మీనర్సమ్మ సీసా ఉంది, మూత తీసి ఒక గుక్క తాగాను. సార్ పెన్ను పట్టుకొని ఎదురుచూస్తున్నారు.

"నడువది సార్," అన్నాను. గొంతు నాది కానట్టు సన్నగా వచ్చింది, అయినా ఆగలేదు. "నూలు పున్నం నాడు మగ్గం నడువది. మా ఇంట్ల నడువది. మా వాడల ఎవ్వలింట్ల నడువది."

ఆయన నవ్వు అట్లాగే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పి తెర మీదున్న వాక్యం చదివారు, చివరిదాకా చదివి నా వైపు చూశారు. ఆ చప్పుడు ఎవరింట్లోదో ఆయనకు తెలిసిపోయింది. పెన్నుకు మూత పెట్టారు.